ఆటకు ముందే ధర, మిర్చికి ఎప్పుడు?



ఆటలు దేశానికి ఆదాయమని, ఉద్యోగాలని పెద్దలు చెబుతున్నారు. మనం కాదనం. చీరాల కుర్రాళ్లూ క్రికెట్ ఆడతారు, మనమూ టీవీ ముందు కూర్చుంటాం.

కానీ లెక్క చూడండి. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 2022లోనే 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. 410 మ్యాచ్‌లకు పంచితే ఒక్కోదానికి సుమారు 118 కోట్లు. బంతి పడకముందే ధర ఖరారు!

మరి మన పంటకో? మద్దతు ధరల పట్టికలో మిర్చి పేరే లేదు. 2025లో ధర కూలి, రైతు రోడ్డెక్కాక, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. అదీ 2.91 లక్షల టన్నుల వరకే. ఆ ధరన ఒక్క మ్యాచ్ సొమ్ము లక్ష క్వింటాళ్ల మిర్చితో సమానం.

ఆ కోట్లు ఎక్కడివి? చాలావరకు ప్రకటనలవి. ఆ ప్రకటనల ఖర్చు సబ్బు, కూల్‌డ్రింకు, సెల్‌ఫోను కొనే మన జేబులోదే. పల్లె చేతిలో డబ్బు ఆడకపోతే ఆ సరుకు కొనేదెవరు? ఆటకు అంత ధర పలికేదెలా?

అందుకే మన డిమాండు ఒక్కటే. నారు పోయకముందే మిర్చికి మద్దతు ధర ప్రకటించాలి, దానికి చట్టం చేయాలి. ఆట నిలవాలన్నా ముందు రైతు నిలవాలి!