ఇరుసుల నెన్నుకొన్నవాడే బాధ్యుడు

అధికభారముతో పోవు ట్రెయిలరు రహదారిపై పట్టుబడినపుడు అధికారులు మొదట నిలదీయునది డ్రైవరును. బండిని కొన్నవాడు అతడు కాడు. దానికెన్ని ఇరుసులుండవలెనో నిర్ణయించినవాడును కాడు. చేసినదొకరు, అనుభవించునది వేరొకరు! ఇదెక్కడి న్యాయమని మేమడుగుచున్నాము.

శాసనము బండి మొత్తము బరువునకేగాక ఇరుసుల బరువునకును హద్దు పెట్టినది. 2018 జూలైలో కేంద్రప్రభుత్వము సవరించిన ప్రకారము ముందరి ఇరుసునకు 7 టన్నులు, నాలుగు టైర్ల ఒంటి ఇరుసునకు 11.5, జంట ఇరుసులకు 21, మూడిరుసుల వరుసకు 27. లాగెడు లారీకి రెండిరుసులు, ట్రెయిలరునకు రెండిరుసులు ఉన్నచో మొత్తము 39.5 టన్నులు. అదే లారీకి మూడిరుసుల ట్రెయిలరు తగిలించిన 45.5. రెంటికిని మూడేసి ఇరుసులున్న 55. ఇందుండి బండి సొంత బరువు తీసివేయగా మిగిలినదే సరకు. ఇది పలక పట్టిన బాలుడు చేయగల లెక్క. యజమాని చేయలేడా? చేయగలడు. కాని ఇరుసు తగ్గిన బండి వెల తగ్గును, టైర్ల ఖర్చు తగ్గును. బాడుగ మాత్రము తగ్గరాదు!

సరకునుంచు చోటును గమనింపదగినదే. ప్రకాశము జిల్లా చీమకుర్తి గ్రానైటు దిమ్మలను తలచుకొనుడు. ఘనమీటరు రాయి మూడు టన్నులకు దరిదాపు. అట్టి దిమ్మలను చదును ట్రెయిలరుపై మరీ ముందునకు జరిపిన లారీ ఇరుసులును, మరీ వెనుకకు జరిపిన ట్రెయిలరు ఇరుసులును హద్దు మీరును. మొత్తము 55 టన్నులకు లోబడియే యుండవచ్చును. అయినను నేరము నేరమే. మొత్తమును మాత్రమే చూపు కాటా దీనిని పట్టజాలదు.

"బాడుగలు గిట్టుట లేదు, కొంత ఎక్కువ వేసికొన్ననేమి?" అనువారు కలరు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున 1958-60 నడుమ జరిగిన రోడ్డు పరీక్షలు వారికి జవాబు చెప్పినవి. రోడ్డునకు కలుగు హాని ఇంచుమించుగా ఇరుసు బరువుయొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. బరువు ఐదవవంతు పెరిగిన హాని రెండింతలగును. 2018లో ఒంటి ఇరుసు హద్దు 10.2 నుండి 11.5 టన్నులకు పెరిగినపుడే, ఈ సూత్రము చొప్పున, నిండు ఇరుసు చేయు హాని సుమారు 60 శాతము హెచ్చినది. ప్రజలింత భరించిన పిమ్మట ఇంకను కావలెననుట దురాశ. గుంటలు పూడ్చునది ప్రజల పన్ను. లాభము చేరునది యజమాని పెట్టెలోనికి!

శాసనమునకు కన్నులు లేకపోలేదు. మోటారు వాహనముల చట్టము 194వ సెక్షను బండి నడిపినవానినేగాక నడిపించినవానిని, నడుపనిచ్చినవానినిగూడ శిక్షార్హుని చేసినది. 2019 సవరణచే జరిమానా 20,000 రూపాయలు, పైబడిన ప్రతి టన్నునకు మరి 2,000. ఎక్కువైన సరకు దించనిదే బండి కదలరాదు. ఇంత అస్త్రముండియు దానిని డ్రైవరుపైననే ప్రయోగించుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే.

కావున క్వారీ గుమ్మమునందే ఇరుసులవారీగా తూచవలెను. హద్దు మీరిన బండిని అచ్చటనే నిలుపవలెను. కేసు వ్రాయునపుడు యజమాని పేరును, సరకెక్కించినవాని పేరును మొదట వ్రాయవలెను. రహదారి ప్రజల సొత్తు. దానిని అరుగదీయు హక్కు ఏ ధనికునకును లేదు. ఇరుసుల నెన్నుకొన్నవాడే ఆ ఎన్నికకు జవాబు చెప్పుగాక!