ఒకే వీధి పిల్లలకు ఒకే తరగతి గది

హైదరాబాద్ బల్కంపేటలో అపార్ట్‌మెంట్లకూ బస్తీలకూ మధ్య పెద్ద దూరం లేదు. ఎల్లమ్మ గుడికైనా, కూరగాయల బండి దగ్గరికైనా, అమీర్‌పేట మెట్రో స్టేషనుకైనా అందరూ అవే వీధుల వెంట వెళ్తారు. బడి వేళకు మాత్రం ఆరేళ్ల పిల్లలు తల్లిదండ్రుల సంపాదనను బట్టి విడిపోతారు. ఫీజు కట్టగలిగిన ఇంటి బిడ్డ వ్యాను ఎక్కితే, ఇళ్లలో పనిచేసే తల్లి బిడ్డ సర్కారు బడికి నడుస్తుంది. అప్పు చేసి చవక ప్రైవేటు బడిని వెతుక్కునే కుటుంబాలూ ఉన్నాయి. సమానత్వం గురించి పుస్తకంలో ఎన్ని పాఠాలు పెట్టినా, పక్కింటి బిడ్డ పక్కన కూర్చోని పిల్లలకు అది ఒంటబట్టదు. వాళ్లను కలిపే చట్టం మనకు ఉంది. దాన్ని తెలంగాణ ఇకనైనా చిత్తశుద్ధితో అమలు చేయాలి.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లను పరిసరాల్లోని పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలంటుంది. ప్రభుత్వం తన బడిలో ఒక్కో బిడ్డపై పెట్టే ఖర్చు, ఆ ప్రైవేటు బడి ఫీజు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది బడికి చెల్లిస్తుంది. 2012లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది; ప్రభుత్వ సాయం పొందని మైనారిటీ సంస్థలకు మాత్రమే మినహాయింపు దక్కింది. ఆంధ్రప్రదేశ్ 2022-23లో ప్రవేశాలు మొదలుపెట్టింది. తెలంగాణలో మాత్రం రాష్ట్రం ఏర్పడిన తొలి పదేళ్లూ ఈ సీట్లు కాగితం దాటలేదు. పేదల కోసం గురుకులాలు ఉన్నాయి కదా అన్నది తరచూ వినిపించే జవాబు. గురుకులాలు ఎందరి జీవితాలనో నిలబెట్టాయి, కాదనలేం. కానీ సాంఘిక సంక్షేమ గురుకులంలో ప్రవేశం అయిదో తరగతి నుంచే. పైగా అక్కడా పేద పిల్లల పక్కన కూర్చునేది పేద పిల్లలే.

పేద పిల్లలు చేరితే తమ పిల్లల చదువు దెబ్బతింటుందని భయపడే తల్లిదండ్రులున్నారు. ఆ భయాన్ని తోసిపుచ్చనక్కర్లేదు, పరీక్షించి చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల్లో, 180 గ్రామాల్లో పరిశోధకులు కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ పనే చేశారు. లాటరీలో ఎంపికైన సర్కారు బడి పిల్లలను ప్రైవేటు బడుల్లో చేర్పించి నాలుగేళ్ల తర్వాత చూస్తే, అప్పటికే అక్కడ చదువుతున్న పిల్లల మార్కులకు నష్టమేమీ కనబడలేదు. చేరిన పిల్లలకు కూడా తెలుగులో, లెక్కల్లో తేడా రాలేదు, హిందీ మాత్రం మెరుగైంది. ప్రైవేటు బడిలో వేస్తే చాలు, చదువు దానంతటదే వస్తుందనుకోవద్దన్న హెచ్చరిక కూడా ఇందులో ఉంది. అయితే కలిసి చదవడం వల్ల మార్కులకు మించిన లాభం ఒకటుంది. ఢిల్లీ ప్రైవేటు బడుల్లో గౌతమ్ రావు జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో, పేద సహపాఠులున్న సంపన్న పిల్లల్లో ఉదారత పెరిగింది, వివక్ష తగ్గింది. వాళ్ల చదువుపై పడిన ప్రభావం స్వల్పమే.

ఖరీదైన బడిలో పేద బిడ్డ చిన్నబోతుందన్న ఆందోళన ఇంతకంటే బరువైనది. సీటు ఇచ్చి వెనక బెంచీకి నెడితే అది చేర్చుకోవడం అనిపించుకోదు. ఈ పిల్లలను వేరే గదిలో, వేరే వేళల్లో కూర్చోబెట్టరాదని కేంద్ర నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. పుస్తకాలు, యూనిఫాం, ఆటలు, లైబ్రరీ విషయంలోనూ తేడా చూపకూడదు. దివ్యాంగ పిల్లలకూ ఇదే న్యాయం వర్తించాలి. మేధో వైకల్య రంగంలో నిపుణులను తయారుచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. అలాంటి నగరంలో ప్రత్యేక ఉపాధ్యాయులు లేరంటూ బిడ్డను తిప్పి పంపడం న్యాయం కాదు.

సర్కారు బడులు ఖాళీ అవుతాయన్న అభ్యంతరానికి జవాబు పేద బిడ్డ హక్కును ఆపడం కాదు, సర్కారు బడిని బాగుచేయడం. రెండూ ఒకేసారి సాగాలి. ఏ బడిలో ఎన్ని సీట్లున్నాయో ప్రభుత్వం ముందే ప్రకటించాలి, అందరి ముందూ లాటరీ తీయాలి, బడులకు బకాయి పెట్టకుండా చెల్లించాలి, ఫిర్యాదు వస్తే తనిఖీ చేయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఒకటో తరగతి ప్రవేశాల నోటిఫికేషన్‌లో ఈ సీట్లను ఏటా తప్పకుండా చేర్చితే, బల్కంపేట పిల్లలు అక్షరాలతో పాటే ఒకరినొకరు తెలుసుకుంటారు.