ఉన్నట్టుండి మారితే ‘ముదిరింది’ అనకండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

డిమెన్షియా ఉన్న మావారిని ఇంట్లోనే చూసుకుంటున్నాను. ఆమధ్య ఉన్నట్టుండి నన్ను దొంగ అన్నారు, అన్నం పళ్లెం తోసేశారు. రాత్రంతా గోడ మీద లేని పురుగుల్ని దులిపారు. ‘జబ్బు ముదిరింది’ అన్నారందరూ. పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. మందులు వాడాక తేరుకున్నారు.

డిమెన్షియా సాధారణంగా మెల్లగా ముదురుతుంది. గంటల్లో, రోజుల్లో మనిషి మారిపోతే అది డెలీరియం, అంటే ఉన్నట్టుండి వచ్చే మానసిక గందరగోళం కావచ్చు. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఈ తేడా ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నేర్పించండి. కదల్లేని వారి ఇంటికే వచ్చి రక్త, మూత్ర నమూనాలు తీసుకునే ఏర్పాటు ప్రతి పీహెచ్‌సీలో చేయండి. నయమయ్యే బాధను వయసు ఖాతాలో వేసి వదిలేయనివ్వకండి.

ఇట్లు,
ఒక ఇల్లాలు