కారణం అడగడం పాపం కాదు

మన సంఘం సమావేశాల్లో మద్దతు ధర గురించి మాట్లాడితే అందరూ శ్రద్ధగా వింటారు. నకిలీ విత్తనాల మీద ధర్నా అంటే ఆటోలు మాట్లాడుకొని వస్తారు. మంత్రాలు, మొక్కులు, శకునాల మాట ఎత్తితే మాత్రం "అవన్నీ మనకెందుకన్నా, ఎవరి నమ్మకం వాళ్లది, రైతు సమస్యలు మాట్లాడు" అంటారు. ఇవి కూడా రైతు సమస్యలేనని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందే ఒకటి చెప్పాలి. దేవుణ్ణి కొలిచేవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. బోనం ఎత్తే ఇంట్లోనే పుట్టాను. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. నచ్చిన మతాన్ని నమ్మవచ్చు, ఆచరించవచ్చు, నలుగురికి చెప్పుకోవచ్చు. ఏ మతాన్నీ నమ్మకుండా బతికే స్వేచ్ఛ కూడా అందులోనే ఉంది. మన పల్లెలు ఈ అధికరణం చదవకముందే దీన్ని చాలావరకు పాటించాయి. పీర్ల పండుగకు అలాయి చుట్టూ హిందువుల పిల్లలు ఆడతారు. జాన్‌పహాడ్ దర్గాకు, కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాకు హిందువులు పోయి కందూరు చేస్తారు. మతం పేరుతో మనల్ని విడగొట్టాలని చూసేవాళ్లకు ఇదే మన జవాబు.

అయితే అదే 25వ అధికరణం మొదటి వాక్యంలోనే ఒక షరతు ఉంది. ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, మిగతా ప్రాథమిక హక్కులకు లోబడే ఈ స్వేచ్ఛ. నా ఇంట్లో నేను దీపం పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. నా నమ్మకం పక్కింటి మనిషి ప్రాణం మీదికి వస్తే దాన్ని నమ్మకమని ఊరుకోలేము. దేవుడున్నాడా లేడా అని మీటింగుల్లో తేల్చుకోవాల్సిన పని లేదు. కష్టం వచ్చినప్పుడు దానికి కారణమేంటని అడుగుతున్నామా లేదా, ఇదొక్కటే మనం చూసుకోవాలి.

ఈ సంగతి మనకు నేర్పింది నల్లగొండ నీళ్లే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు పిల్లల పండ్లు పచ్చబడి గారలు కట్టేవి. పెరిగే వయసులో కాళ్లు వంకర్లు పోయేవి. నలభై ఏండ్లకే నడుములు వంగిపోయేవి. చాలాకాలం దాన్ని పూర్వజన్మ కర్మ అన్నారు, ఏదో శాపం అన్నారు. కర్మ అనుకున్నన్నాళ్లు మొక్కులు మొక్కారు, ముడుపులు కట్టారు. సర్కారును అడిగినవాళ్లు లేరు. కర్మకు సర్కారేం చేస్తుంది?

తర్వాత డాక్టర్లు, శాస్త్రవేత్తలు నీళ్లు పరీక్షించి చెప్పారు. మన భూమి కింది గ్రానైటు రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది. ఆ రాళ్ల మధ్య నిలిచిన నీళ్లలోకి అది కరుగుతుంది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. ఏండ్ల తరబడి తాగితే ఎముకల్లో చేరి మనిషిని వంచేస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. మన జిల్లా పేరు ఇతర దేశాల పుస్తకాల్లోకి ఎక్కింది ఇట్లానే.

రోగం నీళ్లతోనే వస్తుందని తెలిసినాక జనం మాట మారింది. మొక్కు పోయి డిమాండు వచ్చింది. జలసాధన సమితి పుట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. దేశమంతా నల్లగొండ దిక్కు చూసింది. ఎన్నో ఏండ్ల పోరాటం తర్వాత కృష్ణా నీళ్లు ఆ ఊళ్లకు నల్లాల్లో వచ్చాయి. వంగిన నడుములు తిరిగి నిలబడలేదు గానీ, వెనకాల పుట్టిన పిల్లలకు మంచి నీళ్లు దొరికాయి. తాగే నీళ్లు మన హక్కు అని అడగడానికి ముందు, ఇది శాపం కాదు అని ఎవరో ఒకరు అనాల్సి వచ్చింది. స్వేచ్ఛగా ఆలోచించడం అంటే నాకు అర్థమైంది ఇదే.

ఇప్పుడు ఇదే లెక్క మన కొట్టాల్లోకి తీసుకురండి. తొలకరి పడుతుంది. లేత పచ్చిక కడుపునిండా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. అది చిటుకు రోగం కావచ్చు. బెట్టకొచ్చిన లేత జొన్న మేసిన ఎద్దు గంటలోపే కూలిపోతుంది. ఆ జొన్నలో విషం పుడుతుందని పశువుల డాక్టరు ఎవరైనా చెప్తారు. వానకాలంలో గొంతువాపు, జబ్బవాపు వస్తే బర్రె రెండు రోజులు కూడా ఆగదు. వీటికి ముందుగానే టీకాలున్నాయి. కానీ వరసగా రెండు పశువులు చస్తే మన ఊళ్లలో ఏమంటారు? "ఎవరో చేసిండ్రు" అంటారు. ఆ ఎవరో ఎప్పుడూ ఊరి పెద్దమనిషి కాడు. ఒంటరి ముసలమ్మ, దిక్కులేని విధవరాలు, దళిత వాడలో చిన్న వైద్యం చేసుకునే ముసలాయన, లేకపోతే గట్టు పంచాయితీ ఉన్న పక్క పొలం మనిషి.

బాణామతి, చేతబడి నెపంతో మన తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని చెట్లకు కట్టేసి కొట్టారు. మంత్రం పలకకుండా చేస్తామని పండ్లు పీకారు. సజీవంగా కాల్చారు. చంపినవాళ్లు జైలుకు పోతే వాళ్ల పిల్లలూ అనాథలయ్యారు. గొర్రెను చంపిన రోగం మాత్రం మందలోనే ఉండి మిగతా గొర్రెల్నీ తిన్నది.

ఇంకో నష్టం కూడా ఉంది. మంత్రమని చెప్పి పశువును పాతిపెడితే బీమా పైసలు రావు. పశువుల డాక్టరు పోస్టుమార్టం చేసి కాగితం రాస్తేనే వస్తాయి. కారణం అడిగినవాడికే ఇక్కడా హక్కు దొరుకుతుంది.

పాలమూరులో మరో గాయం ఉంది. మక్తల్, నారాయణపేట దిక్కు దళిత ఆడపిల్లల్ని జోగినులుగా దేవతకు విడిచారు. ఇంట్లో రోగం పోవాలని, ఊరికి మేలు జరగాలని ఆ పిల్లల బతుకును మొక్కుగా చెల్లించారు. దేవత పేరు చెప్పి అనుభవించింది ఊరి పెద్దలే. 1988లో దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం పేరు చెప్పి పోరాడిన జోగినులే చాలామంది పిల్లల్ని కాపాడారు. ఊరి మంచి కోసం ఒక పిల్ల బతుకు పోవాలంటే, అది ఎవరి పిల్ల అని అడగాలి. పెద్దింటి పిల్ల ఏనాడూ కాలేదు.

ఇక మన సంఘం సభ్యుల ఇండ్లకే వద్దాం. అప్పుల బాధతో రైతు ప్రాణం తీసుకుంటే "వాని రాత అంతే" అంటాం. రాత అన్నామంటే వడ్డీ ఎంత, బోర్లు ఎన్ని ఎండినయి, బ్యాంకు ఎందుకు లోను ఇవ్వలేదు అని అడిగే అవసరం లేకుండా పోతుంది. రైతుబీమా పట్టాదారుకే వర్తిస్తుంది, కౌలు రైతుకు రాదు. అట్లాంటి కుటుంబానికి 2015 నాటి జీవో 194 ప్రకారం 6 లక్షల పరిహారం అడిగే హక్కుంది. దానికి ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పు కాగితాలు కావాలి. ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాల్సింది ఆయన భార్య. కానీ ఆమెను ఏం చేస్తున్నాం? బొట్టు తీసి, గాజులు పగులగొట్టి, "మొగుణ్ణి మింగింది" అని మూలకు కూర్చోబెడుతున్నాం. ఎదురొస్తే అపశకునమని తప్పుకుంటున్నాం. రేపటి నుంచి ఆ భూమి దున్నాల్సిన రైతు ఆమెనే. ఆమెను గడప దాటనీయకపోతే పరిహారం కోసం మనం చేసే ధర్నాకు అర్థమేముంది?

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 51-ఎ అధికరణం చేరింది. శాస్త్రీయ దృష్టి, మానవత, ప్రశ్నించే గుణం, సంస్కరణ గుణం పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అని అది చెప్తుంది. మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే మహారాష్ట్ర చేతబడి, నరబలి లాంటి దురాచారాల మీద చట్టం చేసింది. 2017లో కర్ణాటక చేసింది. మన రెండు పొరుగు రాష్ట్రాలు చేసిన పని మన అసెంబ్లీ కూడా చేయాలి. మన సంఘం డిమాండ్ల పత్రంలో ఈ చట్టం చేరాలి.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు. వచ్చే మండల సమావేశాల్లో మూడు తీర్మానాలు చేద్దాం. తొలకరికి ముందే ఊరూరా టీకాల శిబిరం పెట్టించాలి. ఎవరి మీదనైనా మంత్రాల నింద పడిందని తెలిస్తే, ఆ రాత్రే మన గ్రామ కమిటీ వాళ్ల ఇంటి ముందు కూర్చోవాలి, పోలీసులకు చెప్పాలి. రైతు చనిపోయిన ఇంటి ఆడమనిషిని మన కమిటీలో సభ్యురాలిగా చేర్చుకోవాలి. విత్తనాలు వేసే రోజు ఆమె చేత్తోనే మొదటి గింజ వేయిద్దాం. పంట ఎట్లా వస్తుందో ఊరంతా చూస్తుంది.