తలరాత కాదు, లెక్క: సురేఖా సిక్రీ సంగతి

మన జనానికి రెండు మాటలు చాలా తేలిగ్గా నోటికొస్తాయి. ఎవరైనా బాగా నటిస్తే "అది దేవుడిచ్చిన వరమండీ" అంటారు. అదే మనిషి ముసలితనంలో పని లేక, డబ్బు లేక ఇబ్బంది పడితే "తలరాత, ఏం చేస్తాం" అంటారు. మొదటి మాటతో ఆ మనిషి పడ్డ కష్టమంతా దేవుడి ఖాతాలో జమ అయిపోతుంది. రెండో మాటతో సమాజం భరించాల్సిన ఖర్చు విధి ఖాతాలోకి పోతుంది. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక పద్దులో రాయాల్సింది ఇంకో పద్దులో రాస్తే ఆడిట్‌లో పట్టుకోవడం నా ఉద్యోగం. ఈ రెండు పద్దుల్నీ కూడా ఒకసారి సరిచూద్దాం. ఉదాహరణ దేవుడి పటాల్లోంచి కాదు, మా ఢిల్లీ మండీ హౌస్ నుంచి తీసుకుంటాను: సురేఖా సిక్రీ.

పేరు చెబితే చాలామంది తెలుగువాళ్ళకి గుర్తు రాకపోవచ్చు. మా టీవీలో వచ్చిన "చిన్నారి పెళ్లికూతురు" లో ఇంటిల్లిపాదినీ చూపుతో వణికించిన పెద్దావిడ అంటే మాత్రం వెంటనే గుర్తుపడతారు. అసలు హిందీ సీరియల్ పేరు "బాలికా వధు". 2008 జూలైలో కలర్స్ ఛానల్‌తో పాటే మొదలై 2016 జూలై దాకా నడిచింది. అందులో కల్యాణీ దేవి ఈవిడే.

1945 ఏప్రిల్ 19న పుట్టారు. చిన్నతనం అల్మోరా, నైనితాల్ కొండల్లో గడిచింది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో చదివి, తరవాత ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరారు. అప్పుడు ఆ స్కూలుకి డైరెక్టరు ఇబ్రహీం అల్కాజీ. ఆయన దగ్గర చదివినవాళ్ళు గొంతు, నడక, శ్వాస దగ్గర్నుంచి దీపాలు, రంగాలంకరణ దాకా అన్నీ చెమటోడ్చి నేర్చుకున్నారు. చదువు అయ్యాక సురేఖా సిక్రీ ఆ స్కూలు రెపర్టరీ కంపెనీలోనే పదేళ్ళకు పైగా పనిచేశారు. రెపర్టరీ అంటే జీతానికి రోజూ నాటకం ఆడే బృందం. ఇవాళ రాణి, రేపు పనిమనిషి. రిహార్సల్, ప్రదర్శన, మళ్ళీ రిహార్సల్. ఆ తరవాతే ఆవిడ బొంబాయి వెళ్ళారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో వరం ఎక్కడుంది? చదువు ఉంది, గురువు ఉన్నాడు, ప్రభుత్వ ఖర్చుతో నడిచే సంస్థ ఉంది, పదేళ్ళ సాధన ఉంది. పుట్టుకతో కొంత తేడా ఉంటుందనేది నేను కాదనను. మనుషులందరి గొంతులూ ఒకటి కావు. కానీ ఆ గొంతుని పనిముట్టుగా మార్చింది శిక్షణ. వరం అనే మాట నమ్మితే ఇలాంటి స్కూళ్ళు అక్కర్లేదు, గుళ్ళు చాలు! బళ్ళు కట్టించాల్సిన అవసరాన్ని మాయం చేస్తుంది కాబట్టే ఈ "వరం" అనే మాటతో నాకు పేచీ.

ఆవిడ మొదటి సినిమా 1978లో వచ్చిన "కిస్సా కుర్సీ కా". అధికారాన్ని వెక్కిరించిన సినిమా. దాని మొదటి రూపం ప్రింట్లని ఎమర్జెన్సీలో ఇక్కడికి దగ్గర్లోనే, గుర్‌గావ్ మారుతీ ఫ్యాక్టరీలో తగలబెట్టారని కేసు నడిచింది. 1979లో కింది కోర్టు సంజయ్ గాంధీకీ, వి.సి. శుక్లాకీ శిక్ష వేస్తే, 1980లో సుప్రీం కోర్టు కొట్టేసింది. సురేఖా సిక్రీ నటించింది మళ్ళీ తీసిన సినిమాలో.

తరవాత "తమస్". భీష్మ సాహ్నీ నవల, గోవింద్ నిహలానీ దర్శకత్వం, 1988లో దూరదర్శన్‌లో వచ్చింది. దేశ విభజన నాటి అల్లర్ల కథ. ప్రసారం ఆపమని కొందరు కోర్టుకెళ్తే బొంబాయి హైకోర్టూ, సుప్రీం కోర్టూ ఆపడానికి ఒప్పుకోలేదు. అందులో ఈవిడ రాజో అనే పల్లెటూరి ముస్లిం స్త్రీ. సొంత ఇంటి మగాళ్ళు అల్లరిమూకతో కలిసి తిరుగుతుంటే, తలుపు తట్టిన ముసలి సిక్కు దంపతులకి ఇంట్లో చోటిస్తుంది. ఆ కాసేపట్లో ఆవిడ మొహంలో జాలి ఒక్కటే కనపడదు. భయం, చిరాకు, తన వాళ్ళు ఏమంటారో అన్న బెంగ, అయినా తలుపు మూయలేని మనసు, అన్నీ కనపడతాయి. మంచితనానికి మతం ఆధారం కాదు అని మనం పేజీలకి పేజీలు రాస్తాం. ఆవిడ ఒక్క తలుపు దగ్గర నిలబడి చెప్పారు. దానికి జాతీయ ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చింది. 1989లో సంగీత నాటక అకాడమీ అవార్డు.

రెండో జాతీయ అవార్డు శ్యామ్ బెనెగల్ "మమ్మో" (1994) కి. పాకిస్తాన్ నుంచి బొంబాయిలో అక్కచెల్లెళ్ళని వెతుక్కుంటూ వచ్చిన మమ్మోగా ఫరీదా జలాల్, ఇక్కడి ఫయ్యూజీగా ఈవిడ. వీసా గడువు రక్తసంబంధం కంటే బలమైనది. చివరికి మమ్మో ఇక్కడ బతకడానికి ఇంట్లోవాళ్ళు చేసే ఉపాయం ఏమిటో తెలుసా? ఆమె చనిపోయినట్టు కాగితం పుట్టించడం! మా పెన్షనర్లం ఏటా నవంబరులో "బతికే ఉన్నాం" అని ధృవపత్రం ఇచ్చుకుంటాం. ఆమెకి బతకాలంటే "చచ్చిపోయాను" అనే కాగితం కావాలి. రెండు చోట్లా మనిషి కంటే కాగితమే నిజం.

ఇక కల్యాణీ దేవి. ఎనిమిదేళ్ళ పిల్లకి పెళ్ళి చేసి తెచ్చుకుని, అదే ధర్మమని నమ్మే స్త్రీ. ఆ పాత్రని ఆవిడ రాక్షసిలా ఆడలేదు. తనకి జరిగిందే తరవాతి వాళ్ళకీ జరగాలనుకునే మనిషిలా ఆడారు. ఛాందసం అసలు బలం అక్కడే ఉంది. చెడ్డవాళ్ళ వల్ల కంటే, ఇంట్లో అన్నం పెట్టే మనిషి వల్లే ఆచారం ఎక్కువ నిలుస్తుంది. కన్యాశుల్కం చదివిన మనకి ఇది కొత్త కాదు.

ఈ సీరియల్ వల్ల బాల్యవివాహాలు తగ్గాయని కొందరు గొప్పగా చెబుతారు. ఆగండి. 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండా పెళ్ళయినవాళ్ళు 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 47.4 శాతం, 2015-16లో 26.8, 2019-21లో 23.3. తగ్గిన మాట నిజమే. అదే కాలంలో ఆడపిల్లల చదువు పెరిగింది, 2006 నాటి చట్టం 2007 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఒకటి తరవాత ఒకటి జరిగితే మొదటిది రెండోదానికి కారణం అనెయ్యడం జాతకాలవాళ్ళ పద్ధతి, మనది కాదు. పైగా చివరి సర్వేలో ఆంధ్రప్రదేశ్‌ది 29.3 శాతం, తెలంగాణది 23.5. సీరియల్ తెలుగులో అందరూ చూశారు. మరి?

ఇంకో మూఢత్వం కూడా ఇక్కడే చెప్పాలి. పాత్రనీ మనిషినీ ఒకటి చెయ్యడం. మనకి సూర్యకాంతం గారున్నారు. "గుండమ్మ కథ" (1962) పేరే ఆవిడ పాత్రది. "ఆవిడ దెబ్బకి తెలుగుదేశంలో ఆడపిల్లలకి సూర్యకాంతం అని పేరు పెట్టడం మానేశారు" అని యాభై ఏళ్ళుగా అందరూ చెబుతారు. ఎవరు లెక్కపెట్టారండీ? జనన రిజిస్టర్లు ఎవరు తిరగేశారు? మెచ్చుకోలుగా మొదలైన ఛలోక్తి చరిత్రగా మారిపోయింది. అది ఆవిడ నటనకి బిరుదు అనుకుంటారు గానీ, గయ్యాళితనం ఆవిడ చేసిన పని అని కాకుండా ఆవిడ స్వభావం అన్నట్టు చేసేసింది. కల్యాణీ దేవి విషయంలోనూ అంతే. స్వభావానికి ఎవరూ జీతం ఇవ్వరు, పనికి ఇస్తారు. అందుకే ఈ తేడా ముఖ్యం.

ఇప్పుడు వయసు లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం నాలాంటి గుమాస్తాని 60 ఏళ్ళకి ఇంటికి పంపుతుంది. సురేఖా సిక్రీ ఇంటింటికీ తెలిసిన పాత్ర మొదలైంది 63వ ఏట. మూడో జాతీయ అవార్డు తెచ్చిన "బధాయీ హో" (2018) నాటికి 73. ఢిల్లీ మధ్యతరగతి రైల్వే ఉద్యోగి ఇంట్లో నడివయసు కోడలు గర్భవతి అయితే మొదట విరుచుకుపడి, తరవాత అదే కోడలి కోసం చుట్టాల మీద విరుచుకుపడే అత్తగారు. ఆ కోడలిగా వేసిన నీనా గుప్తా కూడా ఢిల్లీ మనిషే, అదే డ్రామా స్కూలు. 2017లో ఆవిడ ఇన్‌స్టాగ్రామ్‌లో "బొంబాయిలో ఉంటున్నాను, మంచి పాత్రలు కావాలి" అని పని అడిగారు. సిగ్గుపడలేదు. సిగ్గుపడాల్సిన పని కూడా కాదు.

2018లోనే సురేఖా సిక్రీకి పక్షవాతం వచ్చింది. 2019 డిసెంబరు 23న విజ్ఞాన్ భవన్‌లో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారి చేతుల మీదుగా అవార్డు తీసుకోవడానికి చక్రాల కుర్చీలో వచ్చారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అదే వేదిక మీద "మహానటి" కి కీర్తి సురేష్ ఉత్తమ నటి. 1981లో పోయిన సావిత్రి గారి జీవితం అది. ఆ కథ చూసి "ఎంత తలరాత" అని కళ్ళు తుడుచుకున్నవాళ్ళు మనలో ఎంతమంది!

చప్పట్లు కొట్టిన ఐదు నెలలకి కరోనా వచ్చి షూటింగులు ఆగిపోయి ఉన్నాయి. 2020 మే చివర్లో మహారాష్ట్ర ప్రభుత్వం షూటింగులకి అనుమతి ఇస్తూ, 65 దాటినవాళ్ళు సెట్‌లోకి రాకూడదంది. సురేఖా సిక్రీ అప్పటికి 75. ఎవరి పాసుబుక్కూ మనకి అనవసరం, ఆవిడ పత్రికలకి చెప్పిన సారాంశం చాలు. దానం వద్దు, పని కావాలి, గౌరవంగా సంపాదించుకుంటాను అని.

పెద్ద వయసువాళ్ళకి కరోనా ప్రమాదం ఎక్కువ అన్నది నిజం, లెక్కలున్నాయి. జాగ్రత్తలు పెట్టడం తప్పని నేననను. కానీ అదే వయసు దుకాణదారు షాపు తెరవచ్చు, నటుడు మాత్రం నటించకూడదు అంటే అది శాస్త్రమా? ఒక 70 ఏళ్ళ నటుడు బొంబాయి హైకోర్టుకెళ్ళాడు. ఏ సమాచారం, ఏ గణాంకాలు చూసి ఈ నిబంధన పెట్టారు అని కోర్టు ప్రభుత్వాన్ని అడిగింది. మన భాషలో చెప్పాలంటే "వోచరు చూపించండి" అంది. 2020 ఆగస్టు 7న అది వివక్ష అని కొట్టేసింది. 1912లో పుట్టిన జోహ్రా సెహగల్ 2007లో 95వ ఏట సినిమాల్లో నటించారన్నది గుర్తు చేసుకుంటే, ఈ 65 అనే అంకె రాహుకాలం లాగే అనిపిస్తుంది. అందరూ పాటిస్తారు, ఎందుకో ఎవరూ చెప్పలేరు.

తీర్పు వచ్చింది గానీ, 2020 సెప్టెంబరులో ఆవిడకి రెండోసారి పక్షవాతం వచ్చింది. 2021 జూలై 16న ముంబైలో గుండె ఆగి చనిపోయారు. 76 ఏళ్ళు.

ఇప్పుడు రెండో పద్దు. నన్ను 60 ఏళ్ళకి పని మానమన్న ప్రభుత్వం ఊరికే మానమనలేదు. చివరి జీతంలో సగం పెన్షన్, దాని మీద కరువు భత్యం, వైద్యం, నా తరవాత నా భార్యకి కుటుంబ పెన్షన్. 80 నిండితే మరో 20 శాతం అదనం. నేను పుణ్యం చేసుకుని కాదు, నిబంధన ఉంది కాబట్టి. ఆవిడకి లేనిది అదృష్టం కాదు, నిబంధన. పని మానమనే అధికారం తీసుకున్నవాడు కూటి బాధ్యత కూడా తీసుకోవాలి. ఒకటి తీసుకుని రెండోది వదిలెయ్యడానికి "తలరాత" అనే మాట భలే పనికొస్తుంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1981లో సినిమా కార్మికుల చట్టం వచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఉండాలి, మూడు సినిమాలకి పనిచేసిన కార్మికుడికి ప్రావిడెంట్ ఫండ్ వర్తించాలి అంది. కానీ అది వెండితెర సినిమా వరకే, పైగా పారితోషికానికి ఒక పరిమితి పెట్టింది. వేల ఎపిసోడ్లు తీసే సీరియల్ ఆ చట్టం కంటికి కనపడలేదు. 2020లో చేసిన కొత్త కార్మిక కోడ్ టీవీ సీరియల్ పనివాళ్ళని కూడా లెక్కలోకి తెచ్చింది. అది అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. ఈవిడ పోయిన నాలుగేళ్ళకి! కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రదర్శన ఇచ్చే కళాకారులకి వాణిజ్య వాడకం మీద రాయల్టీ హక్కు రాసింది. సీరియల్ ఇంకో భాషలోకి డబ్ అయినా, మళ్ళీ మళ్ళీ వేసినా, గొంతు మారుతుంది గానీ మొహం అదే కదా. కాగితం మీద హక్కు పాసుబుక్కులో అంకెగా మారినప్పుడే అది హక్కు.

"నటులు లక్షలు సంపాదిస్తారు, దాచుకోవచ్చు కదా" అంటారు కొందరు. హీరోలు సంపాదిస్తారు. అత్తలు, బామ్మలు, పనిమనుషులు, డాక్టరు వేషాలు వేసేవాళ్ళకి రోజు లెక్క. పని ఉన్న రోజు కూలి, లేని రోజు లేదు. నెలనెలా జీతంలోంచి కోసి దాచితేనే మనం దాచాం. కొయ్యకపోతే మనలో ఎంతమంది దాచేవాళ్ళమో గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి.

కాబట్టి నేనడిగేవి మూడే. ప్రతి ఎపిసోడ్ పారితోషికంలోంచీ, నిర్మాత వాటాతో కలిపి ప్రావిడెంట్ ఫండ్ కట్టాలి. పునఃప్రసారం, డబ్బింగ్ మీద నటులకి వాటా లెక్కకట్టి ఇవ్వాలి. వయసు పేరుతో పని ఆపాలంటే డాక్టరు మాటా, గణాంకాలూ ఉండాలి, ఆపినన్నాళ్ళూ భృతి ఇవ్వాలి.

ఈసారి ఏ పెద్ద నటి పోయినప్పుడో టీవీలో "విధి ఎంత క్రూరమైనది" అని వినపడితే, ఒక్క ప్రశ్న వెయ్యండి. ఆ విధి పూర్తి పేరేమిటి, ఏ ఆఫీసులో కూర్చుంటుంది, ఏ కాగితం మీద సంతకం పెట్టింది? వెతికితే దొరుకుతుంది.