నెల నిషేధము, ఏడాది కారాగారము

మాదకద్రవ్య పరీక్షలో విఫలుడై నెల నిషేధమునకు గురియైన దక్షిణాఫ్రికా క్రికెట్ బౌలర్ కగిసో రబాడా ఉదంతమున మన వార్తావాహినులు వెలిబుచ్చిన ధర్మాగ్రహమును చూచినపుడు, కండబలము పెంచు నిషిద్ధౌషధములను సేవించుటయు, ఆటతో నిమిత్తములేని విలాసమునకై మాదకద్రవ్యమును రుచిచూచుటయు వేర్వేరు అపరాధములనియు, వానికి వేర్వేరు శిక్షలుండుట ధనవంతులకు చూపిన దాక్షిణ్యము కాక ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2021 జనవరి 1 నుండి అమలుపరచిన స్మృతిలోని విస్పష్టమైన విధి యనియు ఆ వ్యాఖ్యాతలలో ఒక్కరైనను చదివి యుండలేదేమో యని నాకు తోచినది. పేరుమోసినవాడు గనుక నెలతో విడిచిపెట్టిరను మాట మా నల్లమాడలో టీ అంగడి బల్లమీద వినబడినచో క్షంతవ్యమే. సంపాదకీయపు పుటలో అచ్చుపడుట మాత్రము క్షంతవ్యము కాదు.

కొకైన్, హెరాయిన్, ఎక్‌స్టసీ, గంజాయిలోని టీహెచ్‌సీ యను నాలుగు పదార్థములను ఆ స్మృతి ప్రత్యేకముగ విడదీసినది. ఇవి పోటీ సమయమున మాత్రమే నిషిద్ధములు. పోటీ యనగా ముందునాటి రాత్రి 11 గంటల 59 నిమిషములకు ఆరంభమగునది. ఆ నిమిషమునకు ముందు సేవించినదాని అవశేషము మరునాటి మూత్రములో బయటపడినపుడు, దానిని ఆటకు సంబంధము లేకుండ పోటీ వెలుపలనే సేవించితినని క్రీడాకారుడు తానై నిరూపించుకొన్నచో, 10.2.4వ అధికరణము ప్రకారము నిషేధము మూడు నెలలు. ఆమోదితమైన చికిత్సను పూర్తిచేసినచో ఒక్క నెల. నిరూపించుకొనలేనివానికి రెండేండ్లు, ద్రవ్యమునుబట్టి నాలుగేండ్లు. 2007 వింబుల్డన్‌లో లేశమాత్రపు కొకైన్ అవశేషము కనబడిన కారణమున, తాను సేవింపలేదని మొఱ్ఱపెట్టుకొన్నను మార్టినా హింగిస్‌కు రెండేండ్ల నిషేధము పడగా, 2024లో న్యూజీలాండ్ బౌలర్ డగ్ బ్రేస్‌వెల్‌కు నెల నిషేధము పడినదన్నచో, నడుమ మారినది న్యాయమూర్తుల మనస్సు కాదు, శాసనము. రబాడాకు వర్తించినదియు అదియే. 2025 ఏప్రిల్ ఆరంభమున గుజరాత్ టైటాన్స్ జట్టును వీడి స్వదేశమునకు పోయిన ఆతడు జూన్ నెలలో లార్డ్స్ మైదానమున ప్రపంచ టెస్ట్ చాంపియన్‌షిప్ తుదిపోరులో తొలి ఇన్నింగ్స్‌లోనే అయిదు వికెట్లు తీసెను.

అంతకు ముందటి ఉదాహరణము మన హైదరాబాదునకు మరింత దగ్గరిది. 2018లో సన్‌రైజర్స్ పక్షమున ఆడిన అలెక్స్ హేల్స్, మరుసటి యేడు ఇంగ్లండ్ బోర్డు తన ఆటగాండ్రకు స్వయముగ జరుపు మాదకద్రవ్య పరీక్షలో రెండవమారు విఫలుడై, 21 దినముల నిషేధమునకు గురియై, ఆ సంగతి పత్రికల కెక్కిన పిమ్మట ప్రపంచకప్ జట్టునుండియే తొలగింపబడెను. జట్టులోని విశ్వాసము చెడినదని బోర్డు చెప్పినది, మూడేండ్లు దూరముంచినది, పిమ్మట పిలిచినది. 2022 నవంబరు 10న అడిలైడ్‌లో ఆతడు 47 బంతులలో 86 పరుగులు చేసి భారత జట్టును పది వికెట్ల తేడాతో ఇంటికి పంపినది మనవారికి జ్ఞప్తియందుండియే యుండును. ఆ వ్యవహారమంతయు యజమానికిని ఉద్యోగికిని నడుమ నడచినదే కాని పోలీసు ఠాణాకు చేరినది కాదు.

మన దేశమున అట్లు నడచునా? మన వ్యాఖ్యాతలు అడుగవలసిన ప్రశ్న ఇది, అడుగనిదియు ఇదియే. మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అనగా నాడా, తన నియమావళిలో పై అధికరణమునే యథాతథముగ చేర్చుకొన్నది. క్రికెట్ ఆటగాండ్రును 2019 ఆగస్టు నుండి దాని పరిధిలోనివారే. కావున మన క్రీడాకారుడును నెల నిషేధము కోరవలెనన్న, ఏ రాత్రి, ఏ సందర్భమున, ఏ ద్రవ్యమును సేవించెనో తన నోటితో విన్నవింపవలెను. ఆ విన్నపమే 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 27వ సెక్షను క్రింద నేరాంగీకారము: కొకైన్, హెరాయిన్‌లకు ఏడాదివరకు, గంజాయి మొదలగువానికి ఆరునెలలవరకు కారాగారము, లేదా జరిమానా, లేదా రెండును. విదేశమున సేవించితినన్నను తప్పించుకొన వీలులేదు. 2001 సవరణానంతరము ఆ చట్టము దేశము వెలుపలనున్న భారతపౌరులకును వర్తించును. పైపెచ్చు, నిర్ణయము వెలువడిన ఇరువది దినములలో క్రీడాకారుని పేరును, ద్రవ్యము పేరును లోకమునకు ప్రకటింపవలెనని డోపింగ్ స్మృతియే శాసించుచున్నది. ఠాణాలోనివారికి పత్రిక చదువుటకు మించిన శ్రమ లేదు.

పోలీసు అధికారి యెదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యముగ చెల్లదన్నది పాత సాక్ష్యచట్టము 25వ సెక్షను, నేటి భారతీయ సాక్ష్య అధినియమము 23వ సెక్షను. మాదకద్రవ్యముల శాఖాధికారులును ఇందుకు పోలీసులే యని 2020లో తూఫాన్ సింగ్ కేసున సుప్రీంకోర్టు తేల్చినది. కాని నాడా క్రమశిక్షణ మండలి సభ్యుడు పోలీసు కాడు. ఆయన యెదుట పలికినది బయటి ఒప్పుకోలుగ పరిగణింపబడును. రాజ్యాంగము 20(3) అధికరణమును ఆశ్రయింతమన్నచో, అది నేరారోపణకు గురియైనవానికే రక్షణ మిచ్చును. వాఙ్మూలమిచ్చు క్షణముననే ఆతడు ముద్దాయి స్థానమున ఉండవలెను, తరువాత ముద్దాయి యైనంతమాత్రమున చాలదని 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసున పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నిర్ణయించినది. అయినను, నా అభిప్రాయమున, 1978 నాటి నందినీ శతపథి తీర్పు ఇచట మనకు చేయూత నిచ్చుచున్నది. మౌనహక్కు ముంచుకొనివచ్చు ఇతర నేరారోపణలకును విస్తరించుననియు, నిర్బంధమనగా లాఠీ మాత్రమే కాక మనస్సుపై పెట్టు ఒత్తిడియు నగుననియు జస్టిస్ కృష్ణయ్యరు అందు వ్రాసిరి. ఒప్పుకొన్నచో నెల, ఒప్పుకొననిచో నాలుగేండ్లనుట అట్టి ఒత్తిడి కాక మరేమి? పదేండ్లు మించని వృత్తిజీవితము గల పరుగుపందెగానికి నాలుగేండ్లనగా సర్వస్వము. ఈ వ్యాఖ్యానము సాగదీసినదని కొందరు న్యాయవాద మిత్రులు నాతో వాదించిరి. సాగదీయక తప్పని చోట సాగదీయుటయే న్యాయవాదమని నేను నమ్మినవాడను.

మాదకద్రవ్యముల చట్టమున 64ఎ సెక్షను ఉన్నది గదా యనువారు దానిని మరల చదువవలెను. స్వచ్ఛందముగ చికిత్స కోరినవానిని అభియోగమునుండి విముక్తుని చేయు ఆ సెక్షను వ్యసనపరునికి, అనగా ద్రవ్యముపై ఆధారపడి బ్రతుకువానికి మాత్రమే చెల్లును. ఆ చికిత్సయు ప్రభుత్వము గాని స్థానిక సంస్థ గాని నడుపు, లేదా గుర్తించిన, ఆసుపత్రిలోనే జరుగవలెను. ఒక విందులో ఒక్కమారు సేవించితినని నిజము పలికినవానికి ఈ నీడ లేదు. నేను వ్యసనపరుడనని చెప్పుకొన్నవానికే కలదు. నాడా ఆమోదించు చికిత్సయు, ప్రభుత్వము గుర్తించు చికిత్సయు ఒక్కటే కావలెనను నియమమును లేదు.

ఇట్టి అభియోగములు ఆటగాండ్రపై ఎవరు తెచ్చెదరని తేలికగ త్రోసిపుచ్చువారికి 2012 మే నెల జుహూ హోటలు దాడి సమాధానము. పుణె వారియర్స్ ఆటగాండ్రు రాహుల్ శర్మ, వేన్ పార్నెల్ తాము సేవింపలేదని చెప్పినను, రక్తమూత్ర పరీక్షల నివేదికలతో వారిపై కేసు నడచినది. మరుసటి యేడు పంజాబు పోలీసులు బాక్సర్ విజేందర్ సింగ్ హెరాయిన్ సేవించెనని ప్రకటించినపుడు, పోటీ వెలుపల ఆ ద్రవ్యమునకు పరీక్ష జరుపుట నిబంధనలలో లేదని నాడా సరిగనే పలికినది. అయినను క్రీడామంత్రిత్వశాఖ పరీక్షింపుమని ఆదేశించినది. పరీక్షలో ఏమియు బయటపడలేదు. నాడే రెండు శాసనములును కలగలిసిపోయినవి, ఎవరును విడదీయలేదు.

మా నల్లమాడ, కదిరి, బుక్కపట్నము మెట్టపల్లెలలో వేరుశనగ పండక వలసపోవు కుటుంబముల బిడ్డలకు, అనంతపురము రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) మైదానముల పుణ్యమా యని, ఆట యిపుడు ఒక బ్రతుకుదెరువుగ కనబడుచున్నది. విశాఖ మన్యపు గంజాయి పొట్లములు పట్టణములకు చేరుట రహస్యమేమియు కాదు. ఆ బిడ్డలలో ఒకనికి మూత్రములో టీహెచ్‌సీ మిల్లీలీటరుకు 150 నానోగ్రాముల హద్దు దాటెనన్నచో, వానికి హేల్స్‌కున్న ఆటగాండ్ర సంఘము లేదు, రబాడాకున్న న్యాయవాది లేడు. మండలి యెదుట నిజము పలుకుటయో, మౌనము వహించి ఏండ్లు పోగొట్టుకొనుటయో వాడొక్కడే తేల్చుకొనవలెను.

2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టమును పార్లమెంటు 2025 ఆగస్టులో సవరించినది. అంతర్జాతీయ సంస్థ ఆక్షేపించినందున నాడాకును, అప్పీలు మండలికిని స్వాతంత్ర్యము కల్పించినది. ఈ ఒప్పుకోలు సంగతి మాత్రము ఊసెత్తలేదు. కావలసినది ఒక్క ఉపవాక్యము: 10.2.4 క్రింద క్రీడాకారుడు చేసిన విన్నపమును, దానివలన తెలిసిన విషయమును 27వ సెక్షను అభియోగములో సాక్ష్యముగ స్వీకరింపరాదని. ఇది గంజాయి వర్తకులకు ద్వారము తెరచుట యగునని భయపడువారికై, అమ్మినవానికిని, రవాణా చేసినవానికిని, స్వల్పపరిమాణమునకు మించి దాచినవానికిని ఈ రక్షణ వర్తింపదని ఆ ఉపవాక్యముననే చేర్చవచ్చును. అటుపిమ్మటను అభ్యంతరము చెప్పువారు, తాము శిక్షింపగోరుచున్నది సేవించినవానినా, నిజము చెప్పినవానినా యని ముందుగ తేల్చుకొని రావలెను.