నోరు మెదపని ఊరు

ఈసారి పరిచయం చేస్తున్నది సరదాగా చూసే సినిమా కాదు. శ్యామ్ బెనెగల్ 1975లో తీసిన ‘నిశాంత్’. భాష హిందీ. కథ మాత్రం మన పెద్దలు మగ్గం పని వెతుక్కుంటూ విడిచివచ్చిన తెలంగాణది. బెనెగల్ పుట్టింది సికింద్రాబాదు దగ్గరి తిరుమలగిరిలో; 2024 డిసెంబరులో కన్నుమూశారు. రచన మరాఠీ నాటకకర్త విజయ్ తెండూల్కర్‌ది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే మన సోలాపూరు వాళ్లకు ఇది రెండు విధాలా సొంత సినిమాయే. పెద్ద స్టూడియోలు కాకుండా, సినిమా హాళ్లకు ప్రకటనలు అందించే బ్లేజ్ సంస్థ దీనికి పెట్టుబడి పెట్టింది. 1976లో కాన్ చిత్రోత్సవంలో పోటీకి కూడా వెళ్లింది.

కథాకాలం 1945. నైజాం రాజ్యంలో ఒక పల్లె. దొర (అమ్రీష్ పురి) చెప్పిందే చట్టం. గుడిలో నగలు పోతాయి. అది దొర తమ్ముళ్ల పనే అయినా నింద ఒక అమాయకుడి మీద పడుతుంది. ఊరు నోరు మెదపదు. కొన్నాళ్లకు అదే తమ్ముళ్లు కొత్తగా వచ్చిన బడిపంతులు (గిరీశ్ కర్నాడ్) భార్య సుశీలను (షబానా ఆజ్మీ) రాత్రిపూట ఇంటి నుంచే ఎత్తుకుపోతారు. పంతులు గొంతు చించుకుని అరిచినా ఎవరూ ముందుకు రారు. పోలీసుల దగ్గరికి వెళతాడు, పై అధికారుల దగ్గరికి వెళతాడు. ఎక్కడా పని జరగదు.

చివరికి పూజారి, పంతులు కలిసి ఊరిని కదిలిస్తారు. జనం గడీ మీద పడి దొరను, తమ్ముళ్లను చంపేస్తారు. అంతటితో ఆగితే మనం చప్పట్లు కొట్టి లేచి వచ్చేవాళ్లం. కాని ఆ మూకకు మంచీ చెడూ తేడా తెలియదు. ఏ పాపం ఎరుగని చిన్నకోడలు రుక్మిణి (స్మితా పాటిల్) చనిపోతుంది. ఎవరిని కాపాడాలని బయలుదేరారో ఆ సుశీల కూడా బతకదు.

బ్యాంకులో మేము రోజూ చూసేదే ఇది. అప్పు వాడుకున్నవాడు ఎగవేస్తే బాకీ జామీను ఉన్నవాడి నెత్తిన పడుతుంది, అదీ వడ్డీతో. ఆ ఊరు మొదటి దొంగతనం నాడే మాట్లాడి ఉంటే అంత వడ్డీ పెరిగేది కాదు. ఆ బాకీ కట్టింది చివరికి ఇద్దరు ఆడవాళ్లు.

దొరలు పోయారు, గడీలు కూలాయి, మనకేమిటని అనుకోవద్దు. మన ఘర్కుల్‌లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పగలంతా బీడీలు చుట్టి అలసిన ఆడమనిషిని రాత్రి తాగొచ్చి కొడుతుంటే ఆ చప్పుడు నాలుగిళ్లకు వినబడుతుంది. ‘వాళ్ల సంసారం, మనకెందుకు’ అని టీవీ సౌండు పెంచుతాం. తెల్లవారి కుళాయి దగ్గర ఆమె మొహం మీద వాపు చూసి కూడా చూడనట్టు బిందె నింపుకుని వస్తాం. ఆ రాత్రి పంతులు గారి వీధిలో జరిగింది ఇదే కదా?

కత్తులూ కర్రలూ అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు వెళ్లి తలుపు తట్టి ‘ఏమ్మా, ఏమైంది?’ అని అడిగితే చాలాసార్లు చెయ్యి ఆగుతుంది. ఆగకపోతే 112కు ఫోను చెయ్యవచ్చు.

చిన్నపిల్లలతో చూడదగిన సినిమా కాదు. పెద్దలు మాత్రం తప్పక చూడండి. చూశాక భార్యాభర్తలు కూర్చుని ఒక్క విషయం మాట్లాడుకోండి: ఆ వీధిలో మన ఇల్లు ఉండి ఉంటే మన తలుపు తెరుచుకునేదా?